దిగిన కొండే మళ్ళీ మళ్ళీ దిగబుద్ధవుతోంది, ఎందుకంటారు?

మంచుపిల్లి · రాత్రి 1:48

పడుకోవాల్సిన టైములో పెడుతున్న పోస్టు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన వారం అటక మీద నుంచి పాత పీఎస్2 (ప్లేస్టేషన్ 2 గేము మెషిను) దించి, దుమ్ము దులిపి, ఎస్ఎస్ఎక్స్ ట్రికీ పెట్టాను, చెక్క మీద నిలబడి మంచు కొండ దిగే స్నోబోర్డింగ్ గేము. ఈ రాత్రి పదింటికి "గారిబాల్డీ ఒక్కసారి దిగి పడుకుంటా" అనుకుని కూర్చున్నా. ఇప్పుడు టైమెంతో పైన కనిపిస్తూనే ఉంది. ఆ ట్రాక్ నాకేం కొత్త కాదు. గేము వచ్చిందే 2001లో. ఎక్కడ గట్టు వస్తుందో, ఎక్కడ బోర్డుతో జారే రెయిల్ మొదలవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అయినా లేవలేకపోయా.

నన్ను తొలిచేస్తున్నది ఇదీ. కిందటి నెల ఇంకో పెద్ద గేము కొన్నా, పేరు అనవసరం. మ్యాపు తెరిస్తే కళ్ళు తిరుగుతాయి, వంద గంటలాడినా తరగదు. పన్నెండు గంటలకే మొహం మొత్తి తీసేశా. ట్రికీలో ఉన్నవి మొత్తం పదంటే పది ట్రాకులు, ఒక్కోటి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మరి ఇదెలా పట్టి కూర్చోబెడుతోంది? స్నోబోర్డింగ్ గేములకే ఉన్న గుణమా, లేక నాకు వయసు మీద పడుతోందా?

బటన్_బాదుడు · రాత్రి 1:55

వయసే అన్నా. పడుకో.

పాత_జాయ్‌స్టిక్ · ఉదయం 6:20

వయసు అనేవాళ్ళకి ముందు నా వయసు చెప్పాలేమో. 1998లో నింటెండో 64 మీద 1080 డిగ్రీస్ స్నోబోర్డింగ్ ఆడినవాణ్ణి నేను. అప్పటికే చదువైపోయి ఉద్యోగం చేస్తున్నా.

ఆ గేము పేరే ఒక సవాలు. గాల్లో మూడు పూర్తి చుట్లు, అంటే 1080 డిగ్రీలు. ఇప్పటి గేముల్లో ఒక స్టిక్ పక్కకి నొక్కి పట్టుకుంటే బొమ్మ బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. అందులో అలా కుదరదు. స్టిక్ గుండ్రంగా తిప్పాలి, మధ్యలో బటన్లు వరస తప్పకుండా పడాలి, ఇదంతా గాల్లో ఉన్న ఆ కాస్త సేపట్లోనే. ఎక్కడ తడబడినా మంచులో బొక్కబోర్లా. నాకు ఆ ట్రిక్ మొదటిసారి పడటానికి నెలన్నర పట్టింది.

అయితే నన్ను వెనక్కి లాగింది ఆ ట్రిక్ కాదు, ల్యాండింగ్. దిగేటప్పుడు బోర్డు వాలుకి సరిగ్గా ఆనాలి. కాస్త వంకరగా దిగితే పడిపోడు, ఊగుతాడు. ఆ ఊగే అర క్షణంలో స్టిక్‌తో సర్దుకోగలిగితే బతికినట్టు. లేదంటే డ్యామేజ్ మీటర్ పెరుగుతుంది, అది నిండితే రేసు పోయినట్టే. "పడ్డాడు", "పడలేదు" అనే రెండింటికీ మధ్య ఇంకో స్థితి ఉంది చూశారా, "పడబోయి ఆగాడు" అని, నాకు మజా అంతా అక్కడే ఉండేది. వందసార్లు దిగితే వందసార్లూ వేరేలా ఊగుతాడు. ట్రాక్ అదే కావచ్చు, రన్ మాత్రం అదే కాదు.

శబ్దం సంగతి కూడా చెప్పకపోతే పాపం. గట్టి ఐసు మీద బోర్డు గీరుకుంటే ఒక మోత, మెత్తటి మంచులోకి దిగితే ఇంకోలా. కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో తెలిసేది.

విసుగేశ్వర్ · ఉదయం 9:02

అందరికీ నమస్కారం. నీళ్ళు చల్లడానికి వచ్చా.

"రీప్లే వాల్యూ" (మళ్ళీ మళ్ళీ ఆడాలనిపించే గుణం) అని మీరు ముచ్చటపడేది చాలావరకు గేము చేసినవాళ్ళ జిత్తు. పది ట్రాకులే చేశారు కాబట్టి వాటినే తిప్పి తిప్పి ఆడించాలి. అందుకే సగం క్యారెక్టర్లకి తాళం, సగం బోర్డులకి తాళం. మెడల్ కొడితే ఒకటి తెరుస్తాం, ఇంకోటి కొడితే ఇంకోటి. చిన్నపిల్లాడికి చాక్లెట్ చూపించి అన్నం తినిపించినట్టు. ఆల్టోస్ అడ్వెంచర్ లాంటి ఫోన్ గేమే చూడండి, 60 లెవెళ్ళు, లెవెల్‌కి 3 లక్ష్యాలు, మొత్తం 180. లెక్క పెట్టుకుని టిక్కులు కొట్టుకోవడం తప్ప అందులో ఏముంది? అవి తీసేస్తే ఎవరైనా రెండోసారి తెరుస్తారా?

నిశాచరి · ఉదయం 9:31

విసుగేశ్వర్ గారూ, నేను తెరుస్తాను. ఆ 180 పూర్తి చేసి రెండేళ్ళు దాటింది. గేము ఇంకా ఫోన్‌లోనే ఉంది, వారానికి మూడు నాలుగు రాత్రులు ఆడతాను.

ఒక రన్‌లో ఏం జరుగుతుందో చెప్తా, వినండి. వేలితో చేసే పని ఒక్కటే. తాకితే ఎగురుతాడు, తాకి పట్టుకుంటే వెనక్కి పల్టీ కొడతాడు. అంతకు మించి నేర్చుకోడానికేమీ లేదు. గట్టు మీద నుంచి లేచా అనుకోండి, వేలు పట్టుకున్నా, ఒక పల్టీ అయింది. నేల ఇంకా కిందుంది. వేలు తీసేస్తే చక్కగా దిగుతా. తీయకుండా ఇంకో పల్టీకి వెళ్తే పాయింట్లు పెరుగుతాయి, మెడలో స్కార్ఫ్ పొడుగవుతుంది, దిగగానే వేగం వస్తుంది, ఆ వేగంలో ఎదురొచ్చిన రాయిని కూడా పగలగొట్టుకుని పోవచ్చు. కానీ రెండో పల్టీ సగంలో ఉండగా నేల తగిలిందంటే తల కిందికి పెట్టి పడతా, అంతటితో రన్ అయిపోయింది. ఇది ఆలోచించుకోడానికి నాకున్న టైము ఒక్క ఊపిరి. ఒక్కోసారి అదీ ఉండదు.

నిన్న రాత్రి జరిగింది చెప్తా. పల్టీ కొట్టి, కట్టిన తోరణాల తాడు మీద దిగి, దాని మీద జారి, చివర్లో మళ్ళీ పల్టీ కొట్టి, ఇంటి కప్పు మీద దిగాను. అక్కడితో ఆగొచ్చు. కప్పు చివర నుంచి ఇంకో పల్టీకి వెళ్ళా. కింద లోయ ఉందని అప్పుడు కనిపించింది. వేలు తీశాను గానీ అప్పటికే ఆలస్యం. ఎవర్ని తిట్టను? నన్నే తిట్టుకున్నా. వెంటనే మళ్ళీ మొదలెట్టా.

ఇంకో మాట. అందులో జెన్ మోడ్ ఉంది. స్కోరు ఉండదు, నాణేలు ఉండవు, పడినా లేచి వెళ్ళిపోవడమే. మీ థియరీ ప్రకారం దాన్ని ఎవరూ ఆడకూడదు. సంధ్య వెలుగు పోయి చీకటి పడటం, వాన, మంచు చూసుకుంటూ అరగంట అలా పోతూ ఉంటాను.

విసుగేశ్వర్ · ఉదయం 9:40

జెన్ మోడ్ అంటే నిద్రమాత్ర. దాన్ని ఆట అనను. మిగతాది ఆలోచిస్తా.

బటన్_బాదుడు · ఉదయం 10:15

అక్కా, ఇంటి కప్పు దగ్గర ఆగొచ్చు అన్నారు చూడండి, ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. ఎవరూ ఆగరు.

నాకైతే ఈ గేములంటే పక్కన మనిషి ఉండాలి. మా అన్నయ్య, నేను ట్రికీ రెండు ముక్కల స్క్రీన్ మీద ఆడేవాళ్ళం. అందులో పక్కవాణ్ణి చేత్తో తోసి పడెయ్యొచ్చు కదా. కంప్యూటర్ ఆటగాళ్ళని గుద్దితే వాళ్ళు పగ పెట్టుకుంటారు, గుద్దకుండా ఉంటే మంచిగా ఉంటారు. మా అన్నయ్యకి ఆ రెండో రకం లేదు. గేములో తోస్తే సోఫా మీద తోసేవాడు. అసలు రేసు ఎవరు గెలిచారో ఒక్కటీ గుర్తు లేదు నాకు. నా బోర్డు చివరి మలుపులో ఉండగా వాడు నన్ను గుద్ది, వాడు కూడా పడి, ఇద్దరం దొర్లుతుంటే మూడోవాడు తాపీగా దాటిపోయిన రేసు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

లెక్కలమాస్టారు · మధ్యాహ్నం 12:44

ఇక్కడ రెండు మూడు విషయాలు కలగాపులగం అయ్యాయి. విడదీస్తా.

ఒకటి, ఇంజను. కారు గేములో యాక్సిలరేటర్ మన చేతిలో ఉంటుంది, ఆగాలంటే ఆగొచ్చు. స్నోబోర్డ్ గేములో ఇంజను కొండే. మనం ఏమీ చేయకపోయినా కిందికి పోతూనే ఉంటాం. అందుకని ఈ గేములో ఖాళీ క్షణం ఉండదు. తరవాతి నిర్ణయం మన దగ్గరికి వచ్చేస్తుంది, రెడీగా ఉన్నా లేకున్నా.

రెండోది ఎస్ఎస్ఎక్స్ చేసిన తెలివైన పని. అంతకు ముందు చాలా గేముల్లో రేసు వేరు, ట్రిక్కులు వేరు. రేసులో ఉన్నవాడు ట్రిక్ చేస్తే టైము దండగ. 2000లో పీఎస్2తో పాటే వచ్చిన ఎస్ఎస్ఎక్స్ ఆ రెండింటినీ ముడేసింది. ట్రిక్ చేస్తే బూస్ట్, బూస్ట్ కొడితే వేగం, వేగం ఉంటే ఇంకా పైకి ఎగరడం, పైకెగిరితే ఇంకా పెద్ద ట్రిక్. చక్రం. ట్రికీలో అయితే మీటర్ నిండాక ఊబర్ ట్రిక్కులు (మామూలుగా కుదరని పెద్ద ట్రిక్కులు) ఒక్కొక్కటీ దించుకుంటూ పోతే ఇంగ్లీషులో "ట్రికీ" అనే మాటలోని ఆరు అక్షరాలు వెలుగుతాయి, అవి పూర్తయ్యాక బూస్ట్‌కి లోటే లేదు. గెలవాలంటే రిస్క్ తీసుకోక తప్పదు. జాగ్రత్తగా దిగేవాడు చివరోడు.

మూడోది రీస్టార్ట్. దీని గురించి ఎవరూ మాట్లాడలేదు. పడ్డ తరవాత మళ్ళీ బోర్డు మీద నిలబడటానికి ఎంతసేపు పడుతుంది? నా అనుమానం ఏంటంటే ఈ గేముల ఆకర్షణలో సగం అక్కడే ఉంది. తప్పు నాదేనని తెలియాలి, దిద్దుకోడానికి వెంటనే అవకాశం రావాలి. రెంటిలో ఏది లేకపోయినా కంట్రోలర్ కింద పెట్టేస్తాం.

మంచుపిల్లీ, నీకో పని. పది రన్లు ఆడు. ఎక్కడ రీస్టార్ట్ కొట్టావో, ఎందుకు కొట్టావో ప్రతిసారీ కాగితం మీద రాయి. తప్పు నీదా, గేముదా అన్నది కూడా. తరవాత నీకు నచ్చక తీసేసిన ఆ పెద్ద గేములో అదే పని చెయ్యి. ఫలితం ఇక్కడ పెట్టు.

మంచుపిల్లి · మధ్యాహ్నం 1:10

హోంవర్కా మాస్టారూ? సరే. శనివారం దాకా టైమివ్వండి.

జారుడుబండ · మధ్యాహ్నం 3:27

నిజం స్నోబోర్డు ఎక్కినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? నేను ఎక్కాను. అయిదు రోజులు. మొదటి రెండు రోజులు నేను చేసింది స్నోబోర్డింగ్ కాదు, మంచు మీద కూర్చోవడం. రెండు కాళ్ళూ ఒకే చెక్కకి బిగించేస్తారు కదా, పడితే లేవడమే పెద్ద విద్య. పైకి వెళ్ళడానికి లిఫ్ట్ దగ్గర క్యూ, ఎక్కాక చలి, దిగాక ఒక కాలు విప్పుకోవడం, మళ్ళీ బిగించుకోవడం. మూడు నిమిషాల జారుడుకి ఇరవై నిమిషాల బందోబస్తు. గేములు ఈ ఇరవై నిమిషాలూ కోసేసి ఆ మూడూ మనకిస్తాయి. మాస్టారు చెప్పిన రీస్టార్ట్ అదే.

(తమాషా ఏంటంటే నింటెండో 64లోనే స్నోబోర్డ్ కిడ్స్ అని ఒకటుండేది, అందులో కొండ దిగాక తరవాతి ల్యాప్‌కి లిఫ్ట్ ఎక్కి పైకెళ్ళాలి. ఉన్నవాటిలో నిజాయితీ గల గేము అదొక్కటే.)

పాత_జాయ్‌స్టిక్ గారు ల్యాండింగ్ గురించి రాసింది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. నిజంలో కూడా ఎంత ఎత్తు నుంచి పడ్డామన్నది ఒక్కటే ముఖ్యం కాదు, ఎలాంటి నేల మీద పడ్డామన్నది ముఖ్యం. ఏటవాలు మీద దిగితే మన వేగంలో ఎక్కువ భాగం వాలు వెంబడే పోతుంది, నేలలోకి గుచ్చుకునే భాగం తక్కువ. అదే ఎత్తు నుంచి చదును మీద దిగితే మొత్తం మోకాళ్ళ మీదకే వస్తుంది. అందుకే జంపుల తరవాత దిగే చోటు వాలుగా కడతారు. గేములో వాలు మీద దిగినప్పుడు బోర్డు అలా వెన్నలా సాగిపోతుంది చూడండి, చదును మీద దిగితే ధబేల్‌మని వేగం చచ్చిపోతుంది, అది ఎవరో గాల్లోంచి ఊహించి పెట్టింది కాదు.

అన్నట్టు ఎస్ఎస్ఎక్స్ అంటే స్నోబోర్డ్ సూపర్‌క్రాస్. దాన్ని నడిపించిన స్టీవ్ రెక్ట్‌షాఫ్నర్ అనే ఆయనకే బోర్డర్‌క్రాస్ అనే అసలు పోటీని పుట్టించిన పేరు కూడా ఉంది. నలుగురైదుగురు ఒకే ట్రాక్‌లో ఒకరినొకరు రాసుకుంటూ దిగే పోటీ అది. 2006 టూరిన్ ఒలింపిక్స్‌లో చేర్చారు. మా అన్నయ్య తోశాడు, నేను పడ్డాను అని బటన్_బాదుడు చెప్పిన కథ అసలు ఆటలోనే ఉంది.

పాత_జాయ్‌స్టిక్ · సాయంత్రం 5:05

జారుడుబండ గారూ, మంచి మాట. 1998లో "1080" అంటే ఆకాశంలో ఉన్నదాన్ని పేరుగా పెట్టారని అనుకున్నా. అదే ఏడాది నాగానోలో స్నోబోర్డింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఇప్పుడు చూడండి, 2025 జనవరిలో ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో జపాన్ కుర్రాడు హిరోతో ఒగివారా 2340 తిరిగి దిగాడు. ఆరున్నర చుట్లు! మా గేము పేరుకి రెట్టింపు దాటిపోయింది. గేములు అతిశయోక్తి అని నవ్వినవాళ్ళకి ఇప్పుడు ఏం చెప్పాలో.

లైన్‌మ్యాన్ · రాత్రి 8:18

ఆలస్యంగా వచ్చా. ట్రిక్కుల గోల తప్ప ఇంకోటి లేదా మీకు?

బటన్_బాదుడు · రాత్రి 8:20

లైన్‌మ్యాన్ అన్నా, కరెంటు ఎప్పుడొస్తుంది?

లైన్‌మ్యాన్ · రాత్రి 8:41

వందో మనిషివి నువ్వు ఆ జోకు వేయడంలో.

లైన్ అంటే దిగే దారి. నాకు ఈ గేముల్లో కావాల్సింది అదే. స్టీప్ (2016) నాలుగొందల గంటలు ఆడాను, అందులో ట్రిక్కుల కోసం ఆడింది నాలుగు గంటలు కూడా ఉండదు. ఆల్ప్స్ కొండల్లో ఒక శిఖరం మీద నిలబడి కిందికి చూస్తాను. రాళ్ళ మధ్య సన్నటి మంచు చీలిక కనిపిస్తుంది. అందులోంచి దిగొచ్చా? మొదటిసారి పోతే రాతికి కొట్టుకుంటా. రెండోసారి కాస్త ఎడమకి. పదోసారికి తెలుస్తుంది, చీలికలోకి వెళ్ళే ముందే వేగం తగ్గించుకోవాలి, లోపల బ్రేకు పనికిరాదు. ఇరవయ్యోసారి దిగిపోతా. కింద ఎవరూ చప్పట్లు కొట్టరు, మెడలూ లేదు. ఆ దారినే చాలెంజ్‌గా దాచి వేరేవాళ్ళకి పంపొచ్చు. ఒక అజ్ఞాత మనిషి నేను ఇరవైసార్లు పడ్డ దారిని మూడోసారికే దిగేశాడు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పెద్ద మ్యాపు అంటే విసుగు అని మంచుపిల్లి అంటున్నాడు గానీ మ్యాపు పెద్దదవడం తప్పు కాదు. దాని నిండా గుర్తులు గుచ్చి "ఇక్కడికి పో, అక్కడికి పో" అనడం తప్పు.

మంచుపిల్లి · రాత్రి 8:55

ఒప్పుకుంటా. ఎస్ఎస్ఎక్స్ 3 కూడా ఒకే కొండ కదా. మూడు శిఖరాలు, పై నుంచి కింది దాకా ఆగకుండా దిగితే అరగంట దాకా పడుతుంది. ఆ మొత్తం దిగుడు నెలకోసారి చేస్తాను, ఎప్పుడూ విసుగనిపించలేదు. పెద్ద జంపులో పాట సన్నబడిపోయి గాలి మాత్రం వినిపిస్తుంది, దిగగానే పాట మళ్ళీ విరుచుకుపడుతుంది. దాని కోసమే పనిగట్టుకుని జంపులు వెతుక్కునేవాణ్ణి.

విసుగేశ్వర్ · రాత్రి 10:12

నా బాధ కూడా కాస్త వినండి, ఎప్పుడూ మీ ప్రేమకథలేనా.

ఒక మంచు గేము కొన్నా, పేరు చెప్పను. పోటీలన్నీ ఆన్‌లైన్. ఏడాది పాటు బాగా ఆడాను, నా పాత టైముల్ని ఘోస్ట్‌గా (తెర మీద నీడలా కనిపించే పాత రన్) పెట్టుకుని వాటితోనే రేసు వేసేవాణ్ణి. ఒకరోజు తెరిస్తే సర్వర్ లేదు. ఘోస్టులు పోయాయి, టైములు పోయాయి, సగం ఈవెంట్లు బూడిదరంగులో కనిపిస్తున్నాయి, నొక్కితే ఏమీ జరగదు. అయిదేళ్ళు కూడా నిండని గేము. అటక మీద నుంచి ఇరవై ఏళ్ళ నాటి డిస్కు దించి అదే రాత్రి ఆడగలిగావు చూడు, మంచుపిల్లీ, నీ మీద నాకు అసూయ ఉంది. మీరు డిజైను గురించి ఎంతైనా మాట్లాడండి, మళ్ళీ ఆడాలంటే ముందు గేము ఉండాలిగా.

నిశాచరి · రాత్రి 10:20

అయ్యో. మీ పాత టైములతో మీరే రేసు వేసుకునేవారా? అంటే లక్ష్యాలు, తాళాలు లేకుండానే మళ్ళీ మళ్ళీ ఆడేవారన్నమాట. పొద్దున వేరేలా చెప్పారే?

విసుగేశ్వర్ · రాత్రి 10:22

దొరికిపోయా.

పాత_జాయ్‌స్టిక్ · రాత్రి 10:50

ఘోస్ట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. మన ఘోస్ట్‌తో రేసు వేస్తున్నప్పుడు విచిత్రంగా ఉంటుంది. నిన్నటి నేను ముందు పోతుంటాడు, వాడు ఎక్కడ తప్పు చేస్తాడో నాకు తెలుసు. ఆ మలుపులో వాడు గోడకి రాసుకుంటాడని ఎదురుచూస్తా. వాడు రాసుకుంటాడు. నేను నవ్వుకుని, చూపు వాడి మీదే ఉండటం వల్ల, అదే గోడకి రాసుకుంటా.

మంచుపిల్లి · శనివారం, సాయంత్రం 6:30

మాస్టారూ, హోంవర్కు తెచ్చా.

గారిబాల్డీ, పది రన్లు. చివరి దాకా వెళ్ళింది ఒక్కటే. మిగతా తొమ్మిదింటిలో ఆరు సగం కూడా దాటకుండానే పాజ్ నొక్కి రీస్టార్ట్ కొట్టాను. కారణాలు కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా: అత్యాశ, అత్యాశ, రెయిల్ మీద నుంచి ముందే దిగడం, అత్యాశ, పక్కవాడు గుద్దాడు, అత్యాశ, దారి తప్పడం, అత్యాశ, ఫోన్ మోగింది. అయిదు అత్యాశలు. అయిదింటిలోనూ ఒకటే జరిగింది. చుట్టు పూర్తయింది, దిగొచ్చు, కానీ గ్రాబ్ (గాల్లో బోర్డుని చేత్తో పట్టుకోవడం) వదల్లేదు. దిగుతున్న కొద్దీ ఇంకో అర చుట్టు పడుతుందేమో అనిపిస్తుంది. తీరా పడదు. ఒక్కసారి కూడా "గేము మోసం చేసింది" అని రాయలేదు. గుద్దినవాణ్ణి కూడా ముందు నేనే గుద్దాను, అది కూడా రాసుకున్నా.

రెండో గేము. మూడో ప్రయత్నానికే ఆపేశా. ఎందుకంటే పడ్డాక లోడింగ్, తరవాత ఎవరో ఇద్దరు మాట్లాడుకునే సీను, అది దాటడానికి బటన్ నొక్కి పట్టుకోవడం, మళ్ళీ లోడింగ్. వాచీ పెట్టి చూశా, 48 సెకన్లు. ట్రికీలో రీస్టార్ట్ కొట్టాక కోపం చల్లారేలోపే మళ్ళీ గేటు దగ్గర ఉంటాను. ఆ రెండో గేములో కోపం చల్లారిపోతుంది. కోపంతో పాటు ఆడాలన్న కోరిక కూడా.

లెక్కలమాస్టారు · శనివారం, రాత్రి 7:02

కాగితం దాచి పెట్టు. ఒక్క మనిషి, పది రన్లు, దీంతో ఏదీ రుజువు కాదు, ముందే చెప్తున్నా. కానీ "కోపం చల్లారేలోపే" అన్నావు చూడు, నేను ఒక పేజీ రాసి చెప్పలేనిది అందులో ఉంది.

లైన్‌మ్యాన్ · శనివారం, రాత్రి 7:40

నాకు మాత్రం పూర్తిగా సరిపోలేదు. నేను పడితే కోపం రాదు, కుతూహలం వస్తుంది. అదే చీలిక, ఇంకోవైపు నుంచి వెళ్తే? వేగంగా రీస్టార్ట్ ఉంటే మంచిదే, కానీ నేను చాలాసార్లు రీస్టార్ట్ కొట్టకుండా ఆగి, పైకి చూసి, ఎక్కడ తప్పానో వెతుక్కుంటా. రీప్లే కెమెరా తెచ్చి కొండ చుట్టూ తిప్పి చూస్తా. అత్యాశ గేము, ఓపిక గేము రెండూ వేరు. మంచు ఒకటే.

కొత్తగా_వచ్చా · శనివారం, రాత్రి 9:15

నమస్తే అండీ. మీ చర్చంతా చదివి, తెలిసినవాళ్ళ దగ్గర ఎస్ఎస్ఎక్స్ ట్రికీ తీసుకుని పెట్టాను. నేను పుట్టకముందు గేము. రెండు గంటల నుంచి ఆడుతున్నా. ఒక్క ట్రిక్ కూడా దిగట్లేదు! దూకుతున్నాడు, తిరుగుతున్నాడు, ఏదో పట్టుకుంటున్నాడు, మంచులో దొర్లుతున్నాడు. నాకు ఈ గేము రాదేమో. ఎవరైనా చెప్తారా?

బటన్_బాదుడు · శనివారం, రాత్రి 9:17

గ్రాబ్ బటన్ వదులు తమ్ముడూ. నేల తగిలేదాకా పట్టుకునే ఉంటున్నావు.

పాత_జాయ్‌స్టిక్ · శనివారం, రాత్రి 9:26

దాంతో పాటు ఇంకో రెండు. జంప్ బటన్ ముందే నొక్కి పట్టుకో, గట్టు అంచు రాగానే వదులు. చివరి క్షణంలో నొక్కితే సగం ఎత్తు కూడా రాదు. తిరగాల్సిన వైపు కూడా బటన్ నొక్కి ఉన్నప్పుడే చెప్పాలి, గాల్లోకి లేచాక కాదు. ఇంకోటి, మొదటి పది జంపుల్లో అసలు తిరగకు. ఊరికే ఎగిరి, ఒక్క గ్రాబ్ పట్టి, వదిలి, దిగు. నేల ఎప్పుడొస్తుందో కడుపులో తెలిసేదాకా.

జారుడుబండ · శనివారం, రాత్రి 9:30

నాకు నిజంగా నేర్పినాయన కూడా ఇదే చెప్పాడు. తిరగడం తరవాత, ముందు దిగడం.

కొత్తగా_వచ్చా · శనివారం, రాత్రి 11:52

దిగింది!!! మొదట ఉత్త గ్రాబ్‌లు ఎనిమిది దించాను. తొమ్మిదో జంపులో 360 తిరిగి, గ్రాబ్ వదిలి, చక్కగా దిగాను. బూస్ట్ కూడా వచ్చింది. ఆ ఆనందంలో బూస్ట్ బటన్ నొక్కేసి, తరవాతి గట్టు ఎంత వేగంగా వస్తోందో చూసుకోలేదు. ఈసారి ఎంత పైకి లేచానంటే రెండు చుట్లు పడతాయనిపించింది.

నిశాచరి · శనివారం, రాత్రి 11:54

పడ్డాయా?

కొత్తగా_వచ్చా · శనివారం, రాత్రి 11:55

ఒకటిన్నర.